కలిపేసిన కుప్ప

నా అంత తెలివిగా బేరం కుదుర్చుకున్నవాడు కామారెడ్డి బజారులో ఇంకొకడు లేడు. నేను బేరమాడింది నెత్తుటి లెక్కలతో. గెలిచాను కూడా. ఆ గెలుపును ఏళ్లుగా మోస్తున్నాను, దించే చోటు దొరక్క మీ ముందు పెడుతున్నాను.

మాది మక్కల దుకాణం, మొక్కజొన్న కొని అమ్మే వ్యాపారం. తడి మక్కలను బాగా ఆరిన కుప్పలో కలిపేస్తే తేమ మీటరు కిమ్మనదు. ఆ విద్య మా బాపు నేర్పాడు. పరిశోధనలో చేరినా చేతికి అదే అలవాటు.

ఎల్లారెడ్డిలో పురుగుమందు పని చేసే కూలీల రక్తాన్ని, ఆ మందు జోలికే పోని కామారెడ్డి వాళ్ల రక్తంతో పోల్చడం నా పని. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం రక్తకణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపించి, ఏది ఎంత వెలిగిందో రాస్తుంది. ఆ వెలుగులను గీస్తే మనిషికో గుట్ట. ఎవరిది వారికి విడిగా పోల్చి చూస్తే, ఎల్లారెడ్డిలో ముగ్గురి గుట్టలు దెబ్బతిన్న కణాల వైపు ఒరిగాయి. అందులో ఒకటి, డ్రమ్ములో మందు కలిపి పంపులు నింపే పోశవ్వది.

నిజం రాస్తే మళ్లీ రక్తం తీయాలి, మళ్లీ యంత్రం కోసం కాచుకోవాలి, నా డాక్టరేటు పట్టా ఆగాలి. ఏ ఊరివాళ్ల కణాలను ఆ ఊరికి ఒకే కుప్పగా పోశాను. రెండు కుప్పల సగటు చూశాను. తేడా లేదని రాశాను. తెలియక చేశానా? తెలియకపోతే ఆ మూడు గుట్టలను అన్నిసార్లు తెరిచి ఎందుకు చూసుకున్నాను?

ఫలితం చెప్పడానికి ఎల్లారెడ్డి వెళ్లాను. పోశవ్వ మందు కలుపుతూనే అడిగింది.

"ఏమన్న ఉన్నదా బిడ్డా, నా నెత్తుర్ల?"

"ఏం లేదవ్వా. అందరిది మంచిగనే ఉన్నది."

"అందరిది గాదు. నాది అడుగుతున్న."

"అందరిల నువ్వు లేవా ఏంది?"

నవ్వింది. "షావుకారి కొడుకువు, మాటల దొరుకుతవా! ఈ పని బంజేద్దామనుకున్న. ఇగ ఎందుకు, చేసుకుంట తియ్."

నిరుడు నిజం చెబుదామని వెళ్లాను. పోశవ్వ లేదు. ఏదో జ్వరమని మంచం పట్టి పోయిందన్నారు. మందు వల్లేనా? తెలియదు. తెలుసుకునే దారిని నేనే మూసేశాను. మిగతా ఇద్దరికీ చెప్పాను. ఒకాయన అంతా విని, పంపు భుజానికెత్తుకుని చేనుకు వెళ్లిపోయాడు.

మీకు చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు. పట్టా నాకొచ్చింది. నా మాట నమ్మి పోశవ్వ మందు కలిపిన ప్రతి పంటా నా ఖాతాలోదే.