అరుగు మీద ఓట్ల పెట్టె

పుస్తకంలో చదివింది ఊళ్లోనూ అట్లాగే జరుగుతుందని నమ్మే వయసొకటి నాకూ ఉండేది. కడపలో గ్రంథాలయం తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఎన్నికల మీద, పార్టీల మీద అక్కడున్న పుస్తకాలన్నీ నమిలేశాను (రెండు అర్థమయ్యాయి, మిగతావాటికి తల ఊపాను). అందుకే ఎన్నికలైన కొత్తలో ఒక కాలేజీ సారు, జనం ఎవరికి, ఎందుకు ఓటేస్తారో పరిశోధించడానికి కుర్రాళ్లు కావాలంటే అందరికంటే ముందు చెయ్యెత్తాను. పద్ధతి సులువు. ఓటరుకు పార్టీల గుర్తులున్న చీటీ ఇవ్వాలి. ఆయన గదిలోకి పోయి, తనకు నచ్చిన గుర్తు మీద టిక్కు పెట్టి, మడిచి, తాళం వేసిన పెట్టెలో వేయాలి. చీటీ మీద పేరుండదు, కాబట్టి ఎవరిదేదో ఎవరికీ తెలియదు.

నేను కమలాపురం అవతల మా చిన్నమ్మ ఊరు ఎంచుకున్నాను (శాస్త్రీయ కారణం: భోజనం ఖర్చుండదు). చిన్నాయన పోయాక ఆమె ఒక్కతే చేను చేసుకుంటోంది. ఊరి పెద్దాయన బోరు నుంచి నీళ్లు వస్తేనే ఆ చేలో శనక్కాయ పండేది. ఆ ఊళ్లో ఓట్లన్నీ కూడా ఆ పెద్దాయన చెప్పిన పార్టీకే పారేవి.

చిన్నమ్మ ఇంటి అరుగు మీద పెట్టె పెట్టాను. మొదట వచ్చిన ముసలాయన నా ముందు ఎడమచేతి వేలు చాపి నిలబడ్డాడు.

"పెట్టప్పా."

"ఏం పెట్టాల తాతా?"

"సిరా. బిరీన పెట్టు, గొర్లు ఆడ ఇడిసిపెట్టి వచ్చినా."

"సిరా లేదు. లోపలికి పోయి నువ్వే టిక్కు పెట్టాల."

"అది మా పని గాదు. మేము ఏలు సూపిచ్చి వస్తాం. నొక్కేటోళ్లు వేరే ఉండారు."

వెనకున్నవాళ్లు పగలబడి నవ్వారు. నేను రహస్య ఓటు పుట్టుపూర్వోత్తరాల మీద ఉపన్యాసం ఇచ్చాను. అందరూ శ్రద్ధగా విని, చీటీలు తెల్లగానే మడిచి, పెట్టెలో వేసి పోయారు.

చివర చిన్నమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నిజంగా ఎవురికీ తెలీదా నాయనా?"

"దేవుడిక్కూడా తెలీదు చిన్నమ్మా."

ఆమె గదిలోకి పోయి తలుపు వేసుకుంది. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి, మడిచిన చీటీ పెట్టెలో వేసి, మళ్లీ గది తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

అప్పుడే పెద్దాయన మనిషి, ఊరంతా బుల్లెట్ మామ అని పిలిచే ఆయన, బండి దిగాడు. తాళం తీయమన్నాడు. "నిబంధనలు ఒప్పుకోవు" అన్నాను. ఆ వాక్యం పూర్తయ్యేలోపు తాళంచెవి ఆయన చేతిలో ఉంది. పెట్టెను అరుగు మీద బోర్లించాడు. అన్నీ తెల్ల చీటీలు. ఒక్కదాని మీద మాత్రం, అవతలి పార్టీ గుర్తు మీద, వంకర టిక్కు.

"ఎవురప్పా ఈ మొనగాడు?"

చీటీలన్నీ కలిసిపోతే ఎవరిదేదో తెలియదని పుస్తకంలో ఉంది. టిక్కు ఒక్కటే ఉంటే ఏమవుతుందో లేదు. "నేనే మామా. ఎట్ల పెట్టాలో సూపిచ్చేదానికి పెట్టినా" అన్నాను.

"నీకు ఈ ఊర్లో ఓటుండాదా?"

"లేదు."

"లేనోడు ఏసినాడు, ఉండేటోళ్లు ఏయలేదు. శానా బాగుండాదప్పా నీ సదువు!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన చూపు మాత్రం గది తలుపు దగ్గర నిలబడ్డ చిన్నమ్మ మీద ఉంది.

వారం తిరక్కముందే ఆమె చేనికి నీళ్లు ఆగిపోయాయి. మోటారు కాలిపోయిందన్నారు. కాలిన మోటారు పక్క చేలకు మాత్రం నీళ్లు తోడుతూనే ఉంది. శనక్కాయ ఊడ నేలలోకి దిగి కాయ కట్టే వేళకే ఎండిపోయింది. చిన్నమ్మ ఆ ఏడు ఊళ్లోవాళ్ల చేలకు కూలికి పోయింది. మా సారు నేను తెచ్చిన చీటీలను లెక్కకు పనికిరావని పక్కన పెట్టేశాడు.

చిన్నమ్మ ఇప్పటికీ ఒక్కమాట కటువుగా అనదు. నన్ను చూస్తే నోట్లో వక్కాకు అటు నుంచి ఇటు మార్చుకుని, "దేవుడిక్కూడా తెలీదు అంటివే!" అని నవ్వుతుంది. ఆనక నవ్వు ఆపి, "ఈసారి వస్తే ముందు అందరితో టిక్కు పెట్టిచ్చు నాయనా. అప్పుడు నేనూ పెడతా" అంటుంది.

అందరితో ఎట్లా పెట్టించాలో నేనింకా గ్రంథాలయంలో వెతుకుతూనే ఉన్నాను. ఆ అరుగు మీద చేతులూపుతూ ఉపన్యాసమిచ్చిన బక్క కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. వాడికైతే జవాబు వెంటనే తెలిసిపోయేది.