గుంటలో కాలు పెట్టిన పంతులు

నా చిన్నప్పుడు నన్ను ఒక రోజంతా బడి బయట నిలబెట్టారు. నేను చేసిన నేరమల్లా, మా అడవిలో గోదారి ఇసుక తవ్వితే వేడినీళ్లు వస్తాయని చెప్పడమే. పట్నం నుంచి కొత్తగా వచ్చిన మా పంతులు, కోతలు కోస్తున్నావంటూ అందరి ముందూ నవ్వాడు. సంగతి తెలిసిన పిల్లలు కూడా తలలు దించుకున్నారు. అబద్ధమాడానని ఒప్పుకుంటే తప్ప బళ్లోకి రానివ్వనన్నాడు పంతులు.

పెద్దవాళ్లతో మనకెందుకు, ఒప్పేసుకోమన్నాడు మా నాయన. మా నాయనమ్మ మాత్రం మర్నాడు పార భుజాన వేసుకుని, బిందె చంకన పెట్టుకుని బడికొచ్చింది. నడిచి నడిచి సారు మోకాళ్లు నొస్తుంటాయి, మా వేడినీళ్లలో కాసేపు కాళ్లు పెడితే హాయిగా ఉంటుందని ఎంతో వినయంగా పిలిచింది. సంగతి తేల్చేద్దామని ఆయన బయల్దేరాడు. వెనకే మేమంతా.

ఎండలకు గోదారి సన్నబడి ఉంది. నాయనమ్మ ఒడ్డున మోకాటిలోతు గుంట తవ్వేసరికి నీళ్లూరాయి. ఆ గుంటలో రెండు బిందెల చల్లటి నీళ్లు కలపనిదే మా ఊళ్లో ఎవరూ దిగరు. ఆ రోజు ఆమె నదిలో నింపిన బిందె పట్టుకుని ఊరికే నిలబడింది. పంతులు ప్యాంటు మడిచి కాలు పెట్టాడు, పెట్టినంత వేగంగా బయటికి దూకి ఇసుకలో కూలబడ్డాడు.

అప్పుడు నాయనమ్మ ఆయన కాలి మీద చల్లటి నీళ్లు పోస్తూ, "తెల్వకపోతే అడగాలె సారూ. చూసినోన్ని అబద్ధమాడిన్నని ఒప్పుకోమంటే ఎట్ల?" అంది. తర్వాత నాతో, "నీ పెయ్యికి, నీ ఒంటికి తెల్సిన సంగతి ఎవ్వని కోసం కాదనకు" అంది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఖతర్‌లో, ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక కూలీల క్యాంపులో వంట చేస్తున్నాను. వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు కుళాయిలో మరుగుతూ వస్తాయి. పోయిన వారం మా గదిలో కుర్రాడికి స్నానం చేస్తుంటే భుజం బొబ్బలెక్కింది. మొన్న సూపర్‌వైజర్ ఒక కాగితం తెచ్చి, నీళ్లు బాగున్నాయని అందరినీ సంతకం పెట్టమన్నాడు, కాదంటే ఇంటికి పంపిస్తానన్నాడు. చాలామంది పెట్టారు. నా వంతు వచ్చింది. కుళాయి తిప్పి, "ముందు చెయ్యి పెట్టండి సార్" అని నాకొచ్చిన హిందీలో అన్నాను.

ఆయన చెయ్యి పెట్టలేదు. నేను సంతకం పెట్టలేదు. పంపిస్తే పంపించనీ, మా నాయనమ్మ మాటను మాత్రం ఇక్కడ వదిలేసి పోను.