పిన్ని ముక్కు మీద కళ్ళజోడు

మా పిన్ని ముక్కు గురించి నవ్వకుండా చెప్పడం నా వల్ల కాదు. ఆవిడ వల్లా కాదు. ఆ ముక్కు కోయించుకోవాలని పదమూడో ఏట నిర్ణయించుకుని, నలభై ఏడో ఏట ఆపరేషన్‌కి తారీఖు తీసుకుంది. ఈలోగా ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని ఊరందరి ముక్కుల మీదా కళ్ళజోళ్ళు కూర్చోబెట్టడం. నవ్వక ఏం చేస్తాం?

మేమిద్దరం ఒకే కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాం. వెనక గదిలో అద్దాలు అరగదీయడం నా పని. ముందు కౌంటర్లో కూర్చుని ఫ్రేమును మనిషి మొహానికి సరిచేయడం పిన్ని పని. ఆ పనిలో ఆవిడని కొట్టేవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూడదు, నేరుగా ముక్కుదూలం చూస్తుంది. ప్లాస్టిక్ ఫ్రేమైతే వేడిగాలి మిషన్ ముందు పట్టుకుని వేళ్ళతోనే వంచేస్తుంది. లోహపు ఫ్రేమైతే ముక్కుకి ఆనే రెండు చిన్న ప్యాడ్లనీ పటకారుతో వెంట్రుకవాసి జరుపుతుంది. ఆ తర్వాత, "తల వంచండి. ఊపండి. ఇప్పుడు గట్టిగా నవ్వండి," అంటుంది. మూడింటికీ జారకపోతేనే మనిషిని వదులుతుంది.

ఇక ఆవిడ ముక్కు. పొడుగ్గా బయల్దేరి, మధ్యలో ఒక గుట్ట ఎక్కి, తీరిగ్గా దిగుతుంది. పదమూడో ఏట ఒక్క వేసవి సెలవుల్లోనే పెరిగిపోయిందట. స్కూలు తెరిచిన రోజున తోటి పిల్లలు, "వానొస్తే అందరం నీ ముక్కు కిందే నిలబడతామే!" అన్నారట. అప్పట్నుంచీ పిన్ని పక్కకి తిరిగి ఫోటో దిగలేదు. పెళ్ళి ఫోటోల్లో బాబాయి పిన్నిని చూస్తుంటాడు, పిన్ని మాత్రం ఏదో నేరం మీద పట్టుకొచ్చిన మనిషిలా సూటిగా కెమెరాని చూస్తుంటుంది.

ఈ ఏడాది షాపుకి రంగులు వేయించాక, పనివాళ్ళందరికీ కొత్త ఫ్రేములు పెట్టి ఫోటో తీయించి గోడకి తగిలిస్తానన్నాడు ఓనరు. ఫోటోగ్రాఫరు అందర్నీ వరసగా పక్కకి తిరగమన్నాడు. పిన్ని గుండె చిక్కబట్టుకుని తిరిగింది. ఆయన కెమెరా దించి, "మేడమ్, మీరు కాస్త వెనక్కి నిలబడండి," అన్నాడు. మర్యాదగానే అన్నాడనుకోండి. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని వెనక్కి వెళ్ళి నిలబడింది. ఫోటో అయ్యాక నా చెవిలో, "ఇంక చాలే. కోయించేసుకుంటా," అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. సర్కస్ టికెట్టు దొరికిన పిల్ల గొంతులా ఉంది.

నేను ఎగిరి గంతేశాను. తన మొహం, తన ఇష్టం. వద్దనడానికి మనమెవరం? ఇంట్లో బాబాయి మాత్రం, "మార్కెట్లో నువ్వు తప్పిపోతే ఎలా కనిపెట్టను? ఇన్నాళ్ళూ ముక్కు చూసే కదా పట్టుకుంటున్నా?" అని బోలెడు దిగులు పడిపోయాడు. పిన్ని దిండు తీసి విసిరింది. పదకొండేళ్ళ కూతురు, మేమంతా పిడుగు అని పిలుస్తాం, ఆ దిండు గాల్లోనే పట్టుకుని చప్పట్లు కొట్టింది.

క్లినిక్‌కి పిన్నికి తోడుగా నేనే వెళ్ళాను. రిసెప్షన్‌లో అమ్మాయి పిన్నిని చూసి, "ముక్కుతో పాటు బుగ్గలు కూడా చేయించేసుకుంటే లుక్కే మారిపోతుంది మేడమ్," అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీకు గడ్డం కాస్త మేడమ్..." అని ఆగింది. అప్పటిదాకా నా గడ్డం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ రోజంతా దాన్ని చేత్తో కప్పుకునే తిరిగాను.

లోపల డాక్టరుగారు నెరిసిన జుట్టు, తొందరలేని మాట ఉన్న పెద్దావిడ. పిన్ని కళ్ళజోడు తీయించి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, పాత ముక్కునీ రాబోయే ముక్కునీ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూపించింది. పిన్ని కళ్ళజోడు తగిలించుకుని దగ్గరగా వంగి చూసింది.

"ఇద్దరిలో నేనెవర్ని డాక్టరుగారూ?"

ఆవిడ పవరు మైనస్ ఆరు. కళ్ళజోడు తీస్తే అద్దంలో కనిపించేది ఒట్టి మసక. కళ్ళజోడు లేని తన మొహాన్ని అంత స్పష్టంగా చూడటం ఆవిడకి అదే మొదటిసారి. ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వు అయ్యాక డాక్టరుగారు అడిగింది.

"చేయించుకోమని ఎవరైనా పోరారా?"

"లేదండీ. నాకే కావాలి. ఒక్కసారి పక్కకి తిరిగి ఫోటో దిగాలి."

డాక్టరుగారు తలూపి, ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. మత్తుమందు ఒంటికి పడకపోవచ్చు. రక్తం ఎక్కువ పోవచ్చు. ఒకవైపు ఊపిరి సరిగ్గా ఆడకపోవచ్చు. వంకర వస్తే మళ్ళీ కోయాల్సి రావచ్చు. బొమ్మలో ఉన్న ముక్కే వస్తుందని మాటివ్వలేను. పిన్ని అన్నిటికీ ధీమాగా తలూపింది. "ఇంకోటమ్మా. ఎముక కుదురుకునేదాకా, ఓ ఆరు వారాలు, ముక్కు మీద కళ్ళజోడు ఆనకూడదు." దీనికి మాత్రం పిన్ని నోరు వెళ్ళబెట్టింది. కళ్ళలో పెట్టుకునే లెన్సులు ఆవిడకి పడవు మరి.

కానీ ఇరవై ఏళ్ళ పనితనం ఊరికే పోతుందా? రెండు రోజుల్లో పిన్ని ఒక యంత్రం తయారుచేసింది. తలకి ఒక వెడల్పాటి పట్టీ, దానికి రెండు రిబ్బన్లు, ఆ రిబ్బన్లకి వేలాడే కళ్ళజోడు. ముక్కుకి తగలదు. షాపులోనే పెట్టుకుని చూసింది. తల వంచితే కళ్ళజోడు ఉయ్యాలలా ఊగి ఎదురుగా ఉన్న పెద్దాయన నుదుటిని టక్కున కొట్టింది. వెనక్కి వచ్చేటప్పుడు పైకెళ్ళి తలపట్టీలో ఇరుక్కుంది. చూపు పోయిన పిన్ని కంగారుపడి, గుమ్మం పక్కన నల్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ అట్టబొమ్మతో, "ఏమనుకోకండి సార్, దెబ్బ తగిలిందా? కూర్చోండి," అంది. అట్టబొమ్మ కూర్చోలేదు. నేను మాత్రం కడుపు పట్టుకుని నేలమీద కూలబడ్డాను. దెబ్బ తిన్న పెద్దాయన కూడా నవ్వి, అలాంటిది తనకీ ఒకటి చేసిపెట్టమన్నాడు.

ఆపరేషన్ రేపనగా సాయంత్రం పిడుగు స్కూలు నుంచి నేరుగా షాపుకి వచ్చింది.

"అమ్మా, నా కళ్ళజోడు పైకెక్కి కూర్చుంటోంది. చూడు."

పిన్ని కూతుర్ని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, ప్యాడ్లు జరిపి, ముక్కుదూలం మీద బొటనవేలు పెట్టి తడిమింది. ఆ వేలు ఆగిపోయింది. మళ్ళీ తడిమింది. వెనక గది గుమ్మంలో ఉన్న నాకు పిన్ని మొహం చూడగానే అర్థమైపోయింది. గుట్ట మొదలైంది.

"ఏమైందమ్మా?"

పిన్ని అబద్ధం ఆడలేకపోయింది. "నీ ముక్కు పెరుగుతోందే," అంది.

పిడుగు అద్దం దగ్గరికి పరిగెత్తి పక్కకి తిరిగి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"నీలాగా?"

"నాలాగే."

"నిజంగా?" పిడుగు కేక పెట్టింది. "అయితే ఇంక నేను తలకిందులుగా వేలాడినా నా జోడు పడదు! మా క్లాసులో అందరివీ జారిపోతుంటాయి. నీదొక్కటే ఎప్పుడూ పడదు!" అంటూ అట్టబొమ్మ చుట్టూ మూడు చుట్లు గెంతింది. నాలుగో చుట్టు సగంలో ఆగింది.

"మరి నీది బాలేదనే కదా రేపు కోయించుకుంటున్నావు? అంటే నాది కూడా బాలేనట్టేనా?"

ఏడవలేదు. లెక్క అడిగినట్టు అడిగింది, అంతే.

"నీది బాగుంది," అంది పిన్ని.

"నీలాంటిదేగా మరి!"

పిన్ని పటకారు కింద పెట్టేసింది. ముప్పై నాలుగేళ్ళ కోరిక ఒకవైపు, స్టూలంత పిల్ల ఒకవైపు. ఎటు మాట్లాడినా ఒకరికి అన్యాయం జరుగుతుంది. నాకు మాత్రం ఆ వాన మాట అన్న పిల్లలందర్నీ ఇప్పుడు వెతికి పట్టుకుని తన్నాలనిపించింది.

పిన్ని ఫోను తీసింది. స్పీకర్లో రిసెప్షన్ అమ్మాయి గొంతు వినిపించింది. "జలుబు చేసిందా మేడమ్? వాయిదా వేయమంటారా?"

"వెయ్యమ్మా."

"ఎన్నాళ్ళకి?"

"ఏడేళ్ళకి. అప్పటికి మా అమ్మాయికి పద్దెనిమిది నిండుతాయి. కావాలనుకుంటే ఇద్దరం కలిసే వస్తాం."

"కారణం ఏమని రాయమంటారు మేడమ్?"

"ముక్కుకి వారసురాలొచ్చిందని రాయి."

ఫోను నా చేతికిచ్చి, పిన్ని పిడుగుకి ఎదురుగా, నాకు పక్కకి తిరిగి నిలబడింది. నావైపు చూడకుండానే, "తియ్యవే," అంది. తర్వాత కూతురితో, "తల వంచు. ఊపు. ఇప్పుడు గట్టిగా నవ్వు," అంటూ తనూ అన్నీ చేసింది.

నేనూ నవ్వుతూ తీయడంతో మొదటి రెండు ఫోటోలూ చెడిపోయాయి. మూడోది ఇప్పుడు షాపు గోడమీద, ఓనరు తీయించిన ఫోటో పక్కనే ఉంది. అందులో ఇద్దరూ నోరంతా తెరిచి నవ్వుతున్నారు, కళ్ళజోళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.