రెండు సీసాలు

హనుమాన్ జంక్షన్‌లో కొన్న నీళ్ళ సీసాను బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. కొంత దూరం పోయాక వంగి తీసి మూత తిప్పుతుంటే, పక్క సీటులోని కూలి ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తాగకండి బాబూ. అది నాది. మామిడికి కొట్టే పురుగుమందు."

నా సీసా సీటు కిందికి దొర్లిపోయింది. రెండూ ఒకే రకం. మందు కూడా నీళ్ళంత తేటగా ఉంది.

"పెద్ద డబ్బా మొయ్యలేక ఖాళీ సీసాల్లో పోసుకుంటామండి," అంది. అంతలోనే ఆవిడ ముఖం పాలిపోయింది. "మిగిలింది ఇంకో సీసాలో పోసి ఇంట్లో నీళ్ళ కుండ పక్కనే పెట్టొచ్చాను. పిల్ల బడి నుంచి వచ్చేసుంటది."

"ఫోన్ చెయ్యమ్మా," అన్నాను.

రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి పిల్ల ఎత్తింది.

"కుండ పక్కన సీసాలోవి తాగావా?"

"ఇప్పుడే మూత తీశానమ్మా."

"కింద పెట్టెయ్యి. అది పురుగుమందు. బయటికి పోయి చేతులు కడుక్కుని కుళాయి నీళ్ళు తాగు. కుళాయి తిప్పు, నాకు చప్పుడు వినపడాలి."

ఫోన్‌లో నీళ్ళు పడే చప్పుడు నాకూ వినిపించింది. నూజివీడు వచ్చేదాకా ఆవిడ ఫోన్ చెవి నుంచి తీయలేదు.

అప్పటినుంచి కుళాయి నీళ్ళు స్టీలు సీసాలో పట్టుకునే బయలుదేరుతున్నాను. నా చేత్తో నింపుకున్నవే అయినా, తాగేముందు వాసన చూస్తాను.