శొంఠి గోదాంల

మా ఆయన బొల్లారంల మందుల కంపెనీల పని చేసేటోడు. రసాయనాలు కలిపి ఉడికిచ్చే రియాక్టర్ల కాడ డ్యూటీ. ఒక ఏడు కంపెనీకి మంచిగ లాభమొచ్చిందని పాత వర్కర్లను కొందరిని ఇంటోళ్లతో సహా ఓడ ఎక్కించిండ్రు. ముంబైల ఎక్కి కొచ్చి దాంక పోవుడు, మళ్ల వచ్చుడు. పిల్లలిద్దర్ని మా అమ్మ కాడ ఇడిసిపెట్టి పోయినం. మంజీర తప్ప వేరే నీళ్లు సూడనిదాన్ని, ఓడల కక్కుకుంటనే ఉన్న.

కొచ్చిల దిగిన పొద్దు ముసురు పట్టింది. బువ్వ తిన్నంక మమ్మల్ని పాత రేవు దిక్కు తోలుకపోయిండ్రు. నల్లవడ్డ పెంకుల ఇండ్లు, నాచు పట్టిన గోడలు, నీళ్ల మీదికి వంగిన పెద్ద పెద్ద వలలు. ఎన్కట తెల్లోళ్లు మిరియాల కోసం వచ్చి కోట కట్టుకున్న ఊరంట. సూస్తుండంగనే వాన పెద్దగైంది. అందరు బస్సు కాడికి ఉరికిండ్రు. మేమిద్దరం ఎనుకవడి, దగ్గర్ల ఉన్న గోదాంలకు దూరినం.

లోపల శొంఠి కుప్పలు, మిరియాల బస్తాలు. ఆ ఘాటుకు నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. గోదాం ముసలాయన హిందీల మాట్లాడుకుంట ఇలాచీలు నలిపి మా ఆయన చేతుల పోసిండు. మా ఆయన ముక్కు కాడ పెట్టుకొని "బహుత్ అచ్ఛా" అన్నడు.

గంతల్నే గాలికి ఎనుక తలుపు తెరుసుకుంది. అటు దిక్కు మోరీల కుళ్లిన చేపలు. కంపు గుప్పుమన్నది. ముసలాయన తువ్వాల అడ్డం పెట్టుకున్నడు. నేను ముక్కుకు కొంగు ఒత్తుకున్న. మా ఆయన మాత్రం ఆ తలుపుల్నే నిలవడి వాన సూస్తున్నడు.

"ఏమయ్యా, ఇవతలికి రా. కంపు కొడ్తలేదా?"

ఆయన నా మొఖం సూసిండు, కొంగు సూసిండు. అప్పుడు తలుపు దగ్గరికేసిండు.

"నీకు వాసనొస్తలేదా?"

"లేదు."

"ఎప్పటి సంది?"

"ఏమో. మెల్లమెల్లగ పోయింది. శానా దినాలైంది."

"మరి ఇలాచీ బాగుందంటివి?"

"పెద్దమనిషి ప్రేమతోని పెట్టిండు. ఏమనాలె?"

ఒక బస్తా మీద కూసున్న. పప్పు మాడిన దినం ఒక్క మాట అనకుండ తిన్నడు. ఇంట్ల గ్యాస్ లీకైతే పక్కనే కూసుండి పేపర్ సదువుకున్నడు. నా మీద కోపమేమో అనుకున్న గని, గిదని అనుకోలే.

"కంపెనీల చెప్పినవా?"

"చెప్తే ఇంటికి పొమ్మంటరు. నా ఒక్కనికేనా, ఇంక ఇద్దరు ముగ్గురున్నరు. ఎవ్వరం నోరు ఇప్పలే." చేతుల ఇలాచీల దిక్కు సూసిండు. "పెద్దది పుట్టినప్పుడు దాని నెత్తి వాసన సూసుకుంట కూసునేటోన్ని, యాదికుందా? చిన్నదాన్ని ఎత్తుకుంటే నాకేం తెల్వలే."

వాన తగ్గలే. తడుసుకుంటనే బస్సు కాడికి పోయినం. ఓడల ఆ పొద్దు పాటలు, డ్యాన్సులు. మేం రూంలనే ఉన్నం.

ఇంటికొచ్చినంక పట్నంల డాక్టరుకు సూపిచ్చిన. రసాయనాల ఘాటుకు ముక్కుల నరం సచ్చిపోయింది, వాసన తిరిగి రాదన్నడు. నేనే ఎంటవడి వేరే పని అడగమన్న. మోకాళ్ల నొప్పులని చెప్పి ప్యాకింగ్‌లకు మారిండు. రియాక్టర్ల కాడ ఆయన జాగల కొత్తగ పెండ్లైనోన్ని పెట్టిండ్రు.

"ఆ పిలగానికి ముక్కుకు మాస్కు పెట్టుకో అని చెప్పిన, నవ్విండు" అన్నడు మా ఆయన. ఆ దినం బువ్వ సగంల ఇడిసిపెట్టి లేచిండు.