కొత్త ప్రాణానికి పాత కొస

ఎనభైల మధ్యలో ఒక ఏడాది ఆదోని ఎగ్జిబిషన్‌లో, రంగులరాట్నం పక్కన, వీడియో గేమ్ పెట్టె వెలిసింది. అప్పటికి నేను ఒక దినపత్రికకు పత్తి మార్కెట్ వార్తలు, వానల వార్తలు పంపే విలేకరిని. వార్త కోసమని వెళ్లి, జేబులో చిల్లర అయిపోయేదాకా ఆడాను. తెర మీది బొమ్మకు మూడు ప్రాణాలు. ఒకటి పోతే బొమ్మ మాయమై, మళ్లీ మొదటి గడప దగ్గర చెక్కుచెదరకుండా నిలబడేది. ఇంటికొచ్చే దారిలోనే మనసులో నవల కట్టేశాను: ఏడు కోటలు, కోటకో మాయ, గెలిచినప్పుడల్లా పెరిగే బలం, వీరుడికి మూడు ప్రాణాలు.

ఊళ్లోని ఒక చిన్న వారపత్రిక దాన్ని సీరియల్‌గా వేసింది. వీరుడు ఒక ప్రాణం పోగొట్టుకుని రెండో కోట దాటేసరికి ఎడిటర్ పిలిపించాడు.

"సచ్చినోడు మళ్లీ లేస్తాంటే జనం నవ్వుతాండారప్పా. వచ్చే వారం కత చూస్తా. బాగలేకుంటే నిలిపేస్తా."

అది నా మొదటి నవల. ఏం చేసైనా సరే, ఏడో కోట చేర్చాలనుకున్నాను.

ఆదివారం, రాసిన కొత్త అధ్యాయం సంచిలో పెట్టుకుని, ఎమ్మిగనూరు బస్సెక్కి అక్క ఇంటికి పోయాను. వాళ్లది మగ్గం ఇల్లు. బావ నేస్తుంటే అక్క నా సీరియల్ పైకి చదివి వినిపించేది. నేను వెళ్లేసరికి మగ్గం మోగడం లేదు. నిలువు పోగుల పడుగు అయిపోయింది. బావ వేళ్లకు బూడిద అద్దుకుని, మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులు పేనుతున్నాడు.

"ఏమప్పా బామ్మర్దీ, ఈ వారం నీ వీరుడు యాడ సచ్చినాడు?"

"మూడో కోటలో, బావా. అగ్గిగుండంలో పడి."

"సచ్చి?"

"కోట వాకిట్లో లేస్తాడు."

"కొత్త పెండ్లికొడుకు మాదిరి! ఒంటి మీద గీత కూడా ఉండదు."

అక్క అందుకుంది: "అంత సులువుగా లేసేటోని కోసం నేనేంటికి బయపడల్ల? సదవతాంటే నిద్రొస్తాది."

బావ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఎన్నోసార్లు చూసిన పనే. పాత బట్ట కోసేసినా కొసలు మగ్గంలోనే ఉంచుతారు. వాటిని పట్టుకునే కొత్త పడుగు లోపలికి వస్తుంది. అవి లేకపోతే ప్రతి పోగునూ మళ్లీ మగ్గం కన్నాల్లో దూర్చుకోవాలి.

అక్కడే గోడకు ఆనుకుని అధ్యాయం తిరగరాశాను. వీరుడు ఇప్పుడు కోట వాకిట్లో లేవడు. పడిన గుండం ఒడ్డునే లేస్తాడు. గుండం ఎక్కడుందో గుర్తుంటుంది, కానీ కాలిన కుడిచెయ్యి కాలినట్టే ఉంటుంది. పోయిన ప్రాణం గాయాన్ని వచ్చిన ప్రాణం మోయాలి.

సాయంత్రానికి మగ్గం మళ్లీ మోగింది. అక్క కొత్త కాగితాలు చదవడం మొదలుపెట్టింది. వీరుడు కాలిన చేత్తో తాడు పట్టుకుని గోడ ఎక్కుతున్న చోట చప్పుడు ఆగిపోయింది. అక్క తలెత్తింది.

"నేసేది ఇడిసిపెట్టినావేం?"

"వాని పట్టు తప్పుతాండాది గదా! నువ్వు సదువు ముందు."

అధ్యాయం అయ్యాక బావ నావైపు తిరిగాడు. "ఇంగ ఒకటే ప్రాణం గదా మిగిలింది?"

"అంతే బావా."

"సూసి నడిపించప్పా మరి."

మర్నాడు ఎడిటర్ నిలబడే చదివాడు. వెంటనే కంపోజింగ్‌కు పంపాడు. ఏడో కోట దాకా నా వీరుడు ఎడమచేత్తోనే కత్తి తిప్పాడు.