బండల అంగట్లో ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లు

సీమలో ఇద్దరు అన్నదమ్ములు అధికారం కోసం చేసిన మహాయుద్ధం ఇది. వినేవాళ్ళుంటే పద్దెనిమిది పర్వాలు చెప్పొచ్చు. కాకపోతే వేటకొడవళ్ళ కోసం చూసేవాళ్ళు క్షమించాలి, ఇందులో ఆయుధం ఒక కీబోర్డు. దానికీ స్పేస్‌బార్ సరిగ్గా పడదు.

డోన్ రోడ్డు మీద మా నాయన, పెదనాయన కలిసి నాపరాళ్ళ అంగడి నడుపుతారు. ఒకే అంగడి, ఒకే కంప్యూటర్. పోయిన ఎండాకాలం పెదనాయన ఉచిత పంచాంగమని ఏదో ఎక్కించాడు. పంచాంగం రాలేదు, వైరస్ వచ్చి బిల్లులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కంప్యూటర్లు చదివినవాణ్ణని నన్ను కూర్చోబెట్టారు. ఇద్దరికీ వేర్వేరు అకౌంట్లు పెట్టాను. నాయన అడ్మినిస్ట్రేటర్, పాస్‌వర్డ్ ఆయన దగ్గరే. పెదనాయన మామూలు యూజర్. పని చేసుకోవచ్చు, కొత్తవేవీ ఎక్కించలేడు.

ఆ వారంలోనే ఆయన మళ్ళీ ఏదో నొక్కాడు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టమని తెర మీద డబ్బా లేచింది. అదీ నంద్యాల నుంచి వచ్చిన గిరాకీ ముందర.

నన్ను పిలిపించాడు. "ఏమప్పా, నా అంగట్లో నేను తమ్ముని పర్మిషన్ అడుక్కోవాల్నా?"

వైరస్ సంగతి చెప్పబోతే వినలేదు. అంగడికి రావడం మానేశాడు. అంగడి పంచుకుందామనే మాట కూడా అనేశాడు. పాస్‌వర్డ్ ఇస్తే మళ్ళీ పంచాంగం ఎక్కిస్తాడని నాయన భయం, అందులో అబద్ధమేమీ లేదు. అమ్మ, పెద్దమ్మ మాత్రం ఒకే పొయ్యి మీద ఉగ్గాని చేసి ఇద్దరికీ పెడుతూనే ఉన్నారు. నవ్వులాటే గానీ, ఉన్న అంగడి రెండు ముక్కలైతే ఏ ముక్కా బతకదు.

నేను పెదనాయన అకౌంట్ పేరు "పెద్ద అడ్మినిస్ట్రేటర్" అని మార్చి, ఆయన పెళ్ళి ఫొటో తగిలించాను. నాయనది "చిన్న అడ్మినిస్ట్రేటర్". అధికారాలు మాత్రం గోరంతైనా కదపలేదు.

పెదనాయన్ను తీసుకొచ్చి తెర చూపించాను. మీసం సర్దుకున్నాడు. "మరి ఆ డబ్బా మళ్ళా వస్తే?"

"పెద్దోళ్ళు పాస్‌వర్డ్ కొట్టరు పెదనాయనా, కొట్టిస్తారు."

వెంటనే పరీక్షించాడు. ఏదో నొక్కి, డబ్బా లేవగానే, "రేయ్, ఈడికొచ్చి కొట్టు" అని తమ్ముడికి ఆర్డరేశాడు. నాయన వచ్చి, ఎక్కేదేమిటో చదివి, "ఇది వద్దులే అన్నా" అని మూసేశాడు. పెదనాయన సరేనన్నాడు. పిలిచింది తానే గదా.

అంగడి ఇప్పటికీ ఒకటే. ఆ కంప్యూటర్లో రోజంతా జరిగేది బిల్లు టైపు చేసి ప్రింట్ తీయడం. దానికి అడ్మినిస్ట్రేటర్ అక్కర్లేదు.